అబ్రమెలిన్ పుస్తకం: చదివినవాళ్లూ చదవబోయేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

పాశ్చాత్య మంత్రవిద్య గురించి మాట్లాడుకునేవాళ్లు నలుగురు చేరితే అబ్రమెలిన్ పేరు రాకమానదు. ఒకరు అంతకు మించిన గ్రంథం లేదంటారు. ఇంకొకరు దాన్ని గుమ్మం లోపలికే రానివ్వొద్దంటారు. మూడో ఆయన "ఏముంది అందులో, పొద్దున్నే లేచి దేవుడికి దండం పెట్టుకోమనడమేగా" అని పెదవి విరుస్తాడు. కొత్తగా వినేవాళ్లకి ఈ ముగ్గురూ ఒకే పుస్తకం గురించి మాట్లాడుతున్నారా అని అనుమానం వస్తుంది. చాలాసార్లు ఆ అనుమానం నిజమే, ముగ్గురి చేతిలోనూ ఉన్నది ఒకే ప్రతి కాదు. నన్ను పదేపదే అడిగే ప్రశ్నల్లో సగం ఆ గందరగోళం నుంచి పుట్టినవే.

అసలు ఏమిటీ పుస్తకం?

ఒక తండ్రి కొడుక్కి రాసిన ఉత్తరం రూపంలో ఉన్న మంత్రగ్రంథం. తండ్రి పేరు అబ్రహాం, జర్మనీలోని వోర్మ్స్ ఊరి యూదుడు. పెద్దకొడుకు జోసెఫ్‌కి కబ్బాలా అనే యూదుల మర్మవిద్య ఇచ్చేశాడు. చిన్నవాడు లామెక్ ఉత్తచేతులతో మిగిలిపోకూడదని, తాను ఈజిప్టులో అబ్రమెలిన్ అనే వృద్ధుడి దగ్గర నేర్చుకున్న విద్యను రాసిచ్చాడు. ఇదంతా పుస్తకం తన గురించి తాను చెప్పుకునే కథ. రాసిన సంవత్సరం 1458 అని కూడా అందులోనే ఉంటుంది.

విద్య సంగతికి వస్తే, నెలల తరబడి ఏకాంతంగా, శుచిగా, ప్రార్థనలో గడిపితే మనిషికి తన రక్షక దేవదూత ప్రత్యక్షమవుతాడని చెబుతుంది. ఆ దూత నేర్పినట్టు నడుచుకుంటూ లూసిఫర్, లెవియాథన్, సాతాను, బెలియల్ అనే నలుగురు దుష్టశక్తుల రాజుల్నీ, వాళ్ల కింది ఎనిమిదిమంది ఉపరాజుల్నీ పిలిచి లొంగదీసుకోవాలి. ఆ తర్వాతే అక్షరాల గడులతో వాళ్ల చేత పనులు చేయించుకోవడం. ఆ కాలపు మిగతా మంత్రగ్రంథాలు చాలావరకు వలయం గీసి, అందులో నిలబడి నేరుగా భూతాన్ని పిలవమంటాయి. ఇక్కడ దేవదూత దర్శనం అయ్యేదాకా ఇంకెవరినీ పిలవడానికి లేదు. పుస్తకానికి పేరు తెచ్చింది ఈ వరసే.

ఇది నిజంగా 1458 నాటిదేనా?

అంత పాత రాతప్రతి ఏదీ బయటపడలేదు. తెలిసినవాటిలో పాతవి జర్మన్ ప్రతులు. వోల్ఫెన్‌బ్యూటెల్ గ్రంథాలయంలో ఉన్నది 1608 ప్రాంతానిది. 1725లో కొలోన్‌లో పీటర్ హామర్ అచ్చువేసినట్టుగా ఒక జర్మన్ పుస్తకం వచ్చింది. ఆ పేరుతో ప్రచురణకర్త ఎవరూ లేరు. గొడవ తెచ్చే పుస్తకాల మీద అప్పట్లో వేసుకునే దొంగపేరు అది. ప్యారిస్‌లోని ఆర్సెనల్ గ్రంథాలయంలో 2351 నంబరు రాతప్రతి ఫ్రెంచిలో ఉంది. అది ఇంకా తర్వాతిది.

ఫ్రెంచి ప్రతి ఆలస్యంగా తయారైందని చూపించే ఒక చిన్న జాడ పాఠకులకు భలే నచ్చుతుంది. అందులో ఒక అధ్యాయం హాస్యనాటకాలు, ఒపెరాలు, సంగీతం, నాట్యాలు కళ్లముందు కనిపించేలా చేయడం గురించి. ఒపెరా అనే కళారూపం ఇటలీలో పుట్టిందే 1600కి కాస్త అటూఇటూగా. 1458లో వోర్మ్స్‌లో కూర్చున్న ముసలాయనకి దాని సంగతి తెలిసే అవకాశం లేదు. లేఖకులు కాపీ చేస్తూ చేస్తూ తమ కాలం సరుకు కలిపారన్నమాట.

రచయిత ఎవరన్నది ఇంకో తగువు. కబ్బాలా చరిత్రను ఆధునిక పద్ధతిలో అధ్యయనం చేసిన గెర్షోమ్ షోలెమ్ మొదట రచయిత యూదుడే అనుకున్నాడు, తర్వాత అభిప్రాయం మార్చుకుని క్రైస్తవుడై ఉంటాడన్నాడు. జర్మన్ ప్రతుల్ని వెలికితీసిన గియోర్గ్ డేన్ మాత్రం ఇది మైంజ్ నగరపు ప్రసిద్ధ రబ్బీ (యూదు మతగురువు) యాకోబ్ మోయెలిన్ మారుపేరుతో రాసిందేనంటాడు. డేన్ ఉత్సాహం నాకు నచ్చుతుంది కానీ ఆ వాదన నాకు ఎక్కలేదు.

మాథర్స్ ప్రతి కొనాలా, డేన్ ప్రతి కొనాలా?

అభిప్రాయభేదాలన్నీ మొదలయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

శామ్యూల్ లిడెల్ మెక్‌గ్రెగర్ మాథర్స్ 1888లో లండన్‌లో గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘాన్ని స్థాపించిన ముగ్గురిలో ఒకడు. తర్వాత ప్యారిస్‌లో స్థిరపడ్డాడు. ఆర్సెనల్‌లో ఉన్న ఫ్రెంచి ప్రతిని ఇంగ్లీషు చేశాడు. 1897లో వచ్చిన ఆ అనువాదమే నూరేళ్లకు పైగా ఇంగ్లీషు చదివేవాళ్లకు దిక్కయింది. ఇప్పటికీ చౌకగా దొరికే పునర్ముద్రణలన్నీ అవే. ఆయన దొరికించుకున్నది చాలా లోపాలున్న ప్రతి, అదొక దురదృష్టం. జర్మన్‌లో నాలుగు భాగాలుంటే ఫ్రెంచిలో మూడే. సాధన కాలం జర్మన్‌లో పద్దెనిమిది నెలలు, ఫ్రెంచిలో ఆరు. గడుల్లో చాలావాటికి ఫ్రెంచిలో సగం అక్షరాలే ఉన్నాయి, మిగతా గళ్లు ఖాళీ. జర్మన్ ప్రతుల్లో అవి పూర్తిగా నింపి ఉన్నాయి.

డేన్ జర్మన్ ప్రతుల్ని పోల్చి తయారుచేసిన పాఠం 2006లో ఇంగ్లీషులోకి వచ్చింది. అది చదివాక మాథర్స్ మీద కోపం తెచ్చుకున్నవాళ్లు చాలామంది. 'ఇన్నాళ్లూ సగం పుస్తకంతో సరిపెట్టుకున్నాం' అన్నది వాళ్ల బాధ. మాథర్స్ పక్షం వాళ్లు ఊరుకోరు: ఆయన తప్పేమీ లేదు, తన ముందున్న ప్రతిని నిజాయితీగా అనువదించాడు, పైగా దయ్యాల పేర్ల మీద ఓపిగ్గా వివరణలు రాశాడు అంటారు. రెండు మాటలూ ఒప్పుకోవచ్చు. మాథర్స్ ఇంగ్లీషు మాత్రం పాతకాలపు బైబిల్ ధోరణిలో ఉంటుంది, పేజీ తిప్పడం కష్టం. ఆయన కాలానికే అది పాత భాష.

అందుకని ఎవరైనా "అబ్రమెలిన్ చదివాను, ఇలా ఉంది" అంటే నేను మొదట అడిగేది ఏ ప్రతి అని. "గడులు పనిచేయవు, సగం ఖాళీగా ఉన్నాయి" అన్నవాళ్లు మాథర్స్ పాఠకులు. "రెండో భాగం నిండా చిట్కావైద్యాలే ఉన్నాయేంటి" అన్నవాళ్లు డేన్ పాఠకులు. ఫ్రెంచిలో అసలు లేని భాగం అది, రోగాలకీ కష్టాలకీ చిట్కాల సంగ్రహం. కొనేదయితే డేన్ ప్రతే కొనండి. మాథర్స్‌ది ఊరికే దొరుకుతుంది, పక్కన పెట్టుకుని పోల్చుకోండి.

సాధన ఆరు నెలలా, పద్దెనిమిది నెలలా?

మాథర్స్ ప్రకారం ఈస్టర్ తర్వాత మొదలుపెట్టి, రెండేసి నెలల చొప్పున మూడు విడతలుగా నడిపి, శరదృతువులో వచ్చే యూదుల పర్ణశాలల పండుగ నాటికి ముగించాలి. జర్మన్ ప్రకారం ఆరేసి నెలల మూడు విడతలు. ఆరు నెలలే అసలైనదని వాదించేవాళ్లు వసంత పండుగ నుంచి శరత్ పండుగ దాకా లెక్క చక్కగా సరిపోతుందని చూపిస్తారు. పద్దెనిమిది నెలల వాళ్లు పాత ప్రతే ప్రమాణమంటారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. పొడుగాటి దీక్షను ఓపిక లేనివాళ్లు కుదించుకోవడం సహజం, చిన్నదాన్ని మూడింతలు చేసుకునేవాళ్లు అరుదు.

రోజూ ఏం చేయమంటుంది?

మాథర్స్ ప్రతిలో మొదటి రెండు నెలల దినచర్య ఇలా ఉంటుంది. ఒళ్లు శుభ్రంగా కడుక్కుని ఉతికిన బట్టలు కట్టుకుని, సూర్యోదయానికి పావుగంట ముందు ప్రార్థనగదిలోకి వెళ్లాలి. కిటికీ తెరిచి, పీఠం ముందు కిటికీ వైపు తిరిగి మోకరిల్లాలి. చేసిన పాపాలు ఒప్పుకుని, దేవదూతను పంపమని వేడుకోవాలి. పొద్దుగూకే వేళ మళ్లీ అదే. రోజుకి రెండు గంటలు పవిత్ర గ్రంథం చదవాలి. పడకగది శుభ్రంగా ఉండాలి, వారం వారం దుప్పట్లు మార్చి ధూపం వేయాలి. తర్వాతి విడతల్లో ప్రార్థనలు పొడుగవుతాయి, ఉపవాసాలు చేరతాయి, మూడో విడతలో మధ్యాహ్నం కూడా ప్రార్థన ఉంటుంది. లోకవ్యవహారం రానురాను తగ్గించుకోవాలి.

గదికి ఆనుకుని బయట ఒక అరుగు, దాని మీద రెండు వేళ్ల మందాన సన్నటి ఏటి ఇసుక పరచాలి. చివర్లో పిలిచే శక్తులు గదిలోకి రావు, ఆ ఇసుక మీద కనిపిస్తాయి. తెల్లటి నార చొక్కా, దాని మీద ఎర్రటి పట్టు అంగీ, బాదం కర్రతో చేసిన దండం, సాంబ్రాణి, అగరు వంటి ధూపద్రవ్యాలు, అభిషేక తైలం కావాలి. ఇంకో నియమం: పది బంగారు నాణేలు డెబ్బయ్యిద్దరు పేదలకు పంచి, వాళ్ల చేత కీర్తనలు చదివించాలి. సాధన చేశామని చెప్పుకునేవాళ్ల రాతల్లో ఇసుక గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఈ డెబ్బయ్యిద్దరు పేదల ఊసు మాత్రం కనబడదు.

ప్రార్థన మాటలు పుస్తకం ఇవ్వదు. అడిగినా ఇవ్వనంటాడు అబ్రహాం. బట్టీపట్టి వల్లించినది ఫలించదనీ, ఎవరికి తోచిన మాటల్లో వాళ్లు మనసారా అడుక్కోవాలనీ చెబుతాడు. మంత్రాల కోసం ఈ పుస్తకం తెరిచినవాళ్లు నీరుగారిపోయేది ఇక్కడే.

పాఠకులకు ఎక్కువగా నచ్చే భాగం ఏది?

అడిగితే గడులంటారు గానీ, తిరిగి తిరిగి చదివేది మొదటి భాగాన్ని, అంటే అబ్రహాం జీవితకథని. గురువు కోసం ఊళ్లూ దేశాలూ తిరుగుతాడు. దారిలో తగిలిన మంత్రగాళ్లందరినీ పరీక్షించి, ఒక్కొక్కరినీ తీసిపారేస్తాడు.

ఆస్ట్రియాలోని లింజ్ ఊళ్లో జరిగినది చూడండి. ఒక యువతి ఇతని కాళ్లకీ చేతులకీ ఏదో లేపనం రాస్తుంది, తానూ రాసుకుంటుంది. ఎగురుకుంటూ తాను కోరుకున్న చోటికి వెళ్లినట్టే అనిపిస్తుంది. లేచేసరికి తల దిమ్ము. కొన్నాళ్ల తర్వాత అనుమానం వచ్చి, ఎంతో దూరాన ఉన్న ఒక స్నేహితుడి కబురు తెమ్మని ఆమెను ఒక్కదాన్నే పంపుతాడు. ఆమె లేపనం రాసుకుంటుంది. ఎగిరిపోతుందేమోనని ఇతను కళ్లప్పగించి చూస్తుంటే, ఆమె నేలకూలి మూడు గంటల పాటు శవంలా పడి ఉంటుంది. లేచాక ఆ స్నేహితుడి గురించి చెప్పిన కబుర్లన్నీ తప్పు. ఇది లేపనం మత్తులో వచ్చిన కల తప్ప ఇంకేం కాదని తేల్చేస్తాడు.

మంత్రగ్రంథం రాసేవాడు ఎదుటివాడి మంత్రాన్ని ఇలా కూర్చుని పరీక్ష పెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు. అదే మనిషి కాసేపటికి తాను సిగిస్మండ్ చక్రవర్తికి ఒక భూతాన్ని సేవకుడిగా ఇచ్చాననీ, ఒక ప్రభువు యుద్ధానికి రెండువేల మంది మాయాశ్వికుల్ని పుట్టించాననీ చెప్పుకుంటాడు. లింజ్ యువతికి పెట్టిన పరీక్ష ఇతనికి ఎవరైనా పెట్టి ఉంటే బాగుండేది.

నచ్చనిది?

విసుగు. రెండు మూడు వందల పేజీల్లో ఉత్కంఠ ఉన్నవి ముప్ఫై ఉంటాయేమో. మిగతాదంతా హితబోధ.

ఆడవాళ్ల విషయంలో పుస్తకం చెప్పేది ఈ రోజు ఎవరికీ మింగుడుపడదు. కన్యలైతే పనికొస్తారేమో గానీ, అసలు ఆడవాళ్లకి ఈ విద్య చెప్పకపోవడమే మంచిదంటుంది. సాధకుడికి వయసు పాతిక నుంచి యాభై లోపు ఉండాలంటుంది. మతం విషయానికి వచ్చేసరికి మాత్రం ఆశ్చర్యపరుస్తుంది: యూదుడైనా క్రైస్తవుడైనా ఇంకెవరైనా ఒకే దేవుణ్ణి నమ్మితే చాలు, ఎవరి మతంలో వాళ్లు ఉండి చేసుకోవచ్చు. పుట్టిన మతాన్ని వదిలేసినవాడికే పనికిరాదట.

చిన్నపిల్లవాణ్ణి వాడాలని ఉందట, నిజమేనా?

నిజమే. చివరి రోజుల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లవాడికి తెల్లబట్టలు కట్టి, ముఖం మీద పల్చటి తెల్లపట్టు గుడ్డ వేసి ప్రార్థనగదిలో కూర్చోబెట్టాలి. పీఠం మీద చిన్న వెండి పలక ఉంటుంది. దేవదూత ముందు పిల్లవాడికి కనిపిస్తాడు, పలక మీద మంచు చెమర్చినట్టుగా రాతలు వస్తాయి. పిల్లవాడు చూసి చెప్పాలి.

మన ఊళ్లలో అంజనం వేయడం చూసినవాళ్లకి ఈ పద్ధతి తెలిసినట్టే ఉంటుంది. పోయిన నగ ఎక్కడుందో చెప్పడానికి పిల్లల చేత కాటుక పూసిన తమలపాకులోకి చూడమంటారు కదా, అదే తర్కం: కల్మషం లేని కళ్లకే కనబడుతుందని. యూరప్‌లోనూ మధ్యప్రాచ్యంలోనూ పిల్లల చేత అద్దంలోకో నూనెలోకో చూయించే అలవాటు చాలా పాతది. ఈ రోజుల్లో సాధన చేసేవాళ్లు దాదాపుగా అందరూ ఈ ఘట్టాన్ని వదిలేస్తారు. వదిలేయాలి కూడా. ఏ నమ్మకం పేరు మీదైనా పసివాణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టి భయపెట్టే హక్కు ఎవరికీ లేదు.

గడులు అంటే ఏమిటి? వాటితో ఏం చేయొచ్చంటుంది?

చదరపు గళ్లలో అక్షరాలు పేర్చి రాసిన పదాలు. కొన్ని అడ్డంగా నిలువుగా, ముందు నుంచీ వెనక నుంచీ ఎలా చదివినా అదే వస్తాయి. ఉదాహరణకి ప్రేమ కోసం ఇచ్చిన ఒక గడిలో వరసగా సలోమ్, అరెపో, లెమెల్, ఒపెరా, మొలాస్ అనే అయిదేసి రోమన్ అక్షరాల మాటలుంటాయి. మొదటి మాటను తిరగేస్తే అయిదోది, రెండోదాన్ని తిరగేస్తే నాలుగోది. పాంపే శిథిలాల్లో గోడ మీద దొరికిన ప్రసిద్ధమైన సాటర్ గడికి ఇది తమ్ముడు.

చేయగలిగే పనుల జాబితా ఆబగా ఉంటుంది. గతం, భవిష్యత్తు తెలుసుకోవడం, ఆకాశంలో ఎగరడం, మాయమవడం, నిధులు, బంగారం, తుఫాన్లు, పోయిన పుస్తకాలు తెప్పించడం, జనంలో గొడవలు పెట్టడం. నాకు ఇష్టమైనది భోజనం తెప్పించే అధ్యాయం. రొట్టె, మాంసం, మద్యం, చేపలు, జున్ను, ఒక్కోదానికి ఒక్కో గడి. గడిని రెండు పళ్లేల మధ్య మూతపెట్టి కిటికీ బయట ఉంచాలి. ఆ తిండి కంటికీ నోటికీ బాగుంటుంది గానీ ఒంటికి పట్టదనీ, త్వరలోనే మళ్లీ ఆకలేస్తుందనీ ఆయనే చెబుతాడు. ఆ నిజాయితీకి నవ్వొస్తుంది.

మొదటి రెండు భాగాలు వదిలేసి ఈ గడుల పేజీలు మాత్రమే ఫోన్‌లో దాచుకుని, కాగితం మీద గీసి పర్సులో పెట్టుకునేవాళ్లున్నారు. పుస్తకం మాట ప్రకారమే అది దండగ. ముందు సాధన పూర్తికానిదే ఈ గడులకి విలువ లేదు. 'పనిచేయలేదు' అని వచ్చే అభిప్రాయాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

పుస్తకం ఇంట్లో ఉంటే కీడు జరుగుతుందా?

జరగదు.

ఈ పుకారు పెరగడానికి కారణం మాత్రం ఉంది. గోల్డెన్ డాన్‌లో చేరిన ఇంగ్లీషు మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ తన ఆత్మకథలో, ఈ గడుల్ని కాపీ చేస్తుంటే మిట్టమధ్యాహ్నం ఎండ పడే గదిలో కూడా చీకటి కమ్మి దీపం పెట్టుకోవాల్సి వచ్చిందని రాసుకున్నాడు. గడులు రాసిన కాగితాలు ఎక్కడపడితే అక్కడ పడేయకూడదని తర్వాతి వాళ్లు దానికి ఇంకాస్త మసాలా కలిపారు. క్రౌలీ తన గొప్ప తాను చెప్పుకోవడంలో ఎవరికీ తీసిపోయేవాడు కాదన్నది కూడా గుర్తుంచుకుంటే టెన్షన్ తగ్గుతుంది. మాథర్స్ ప్రతి లక్షల ఇళ్లలో కంప్యూటర్లలో పడి ఉంది.

ఒక్క సంగతి. ఇంట్లో ఇలాంటి పుస్తకం కనబడితే చుట్టుపక్కలవాళ్లు చేతబడి అనే మాట తేలిగ్గా అనేస్తారు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగు రాష్ట్రాల్లో జరిగాయి. అసలు కీడంటూ వస్తే పక్కింటివాళ్ల నోటి వల్లే రావాలి.

క్రౌలీ నిజంగా ఈ సాధన చేశాడా?

మొదలుపెట్టాడు, మధ్యలో వదిలేశాడు. 1899లో స్కాట్లాండ్‌లో లాక్ నెస్ సరస్సు ఒడ్డున బోలెస్కిన్ అనే ఇల్లు కొన్నాడు. ఏకాంతం, ఉత్తరానికి తెరుచుకునే తలుపు, బయట ఇసుక అరుగు కుదిరే ఇల్లు కావాలనే ఆ వెతుకులాట. 1900 ఈస్టర్‌కి మొదలుపెట్టాలనుకున్నాడు. సరిగ్గా అప్పుడే గోల్డెన్ డాన్‌లో ముఠా తగాదాలు ముదిరాయి. లండన్ సభ్యులు, అందులో కవి యేట్స్ కూడా, మాథర్స్ మీద తిరగబడ్డారు. క్రౌలీ మాథర్స్ తరఫున పరుగెత్తాడు. దేవదూత కోసం కొన్న ఇంట్లో ఉండాల్సినవాడు, సంఘం గదుల తాళాల కోసం లండన్‌లో కొట్లాడుతూ కూర్చున్నాడు. తర్వాత 1906లో తన సొంత పద్ధతిలో, గది అవసరం లేకుండా మనసులోనే ఆలయం కట్టుకుని, చైనా ప్రయాణంలో గుర్రం మీద కూడా సాధన కొనసాగించి, ఆ ఏడే ఫలితం పొందానన్నాడు. అబ్రమెలిన్ చెప్పినదానికీ దీనికీ పోలిక తక్కువ.

ఆ ఇంటిని 1970ల మొదట్లో లెడ్ జెపెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ కొన్నాడు, 1992లో అమ్మేశాడు. 2015 డిసెంబరులో తగలబడింది, 2019లో మళ్లీ నిప్పంటుకుంది. దాంతో శాపం కథలకి ఇంకో పదేళ్లకి సరిపడా ఇంధనం దొరికింది. పాత ఇళ్లు తగలబడటానికి దయ్యాల సాయం అక్కర్లేదు.

ఎవరైనా పూర్తి చేశారా?

చేశామన్నవాళ్లు ఉన్నారు. అందరికంటే మర్యాదగా రాసింది విలియం బ్లూమ్. మొరాకోలో ఆరు నెలలు ఉండి చేసిన సాధన దినచర్యను 1976లో మారుపేరుతో అచ్చువేశాడు, తర్వాత తన పేరుతో. అద్భుతాల కోసం వెతికితే ఆ డైరీ నిరాశపరుస్తుంది. ఒంటరితనం, చిరాకు, అనుమానం, మధ్యమధ్యలో ప్రశాంతత. అందుకే అది నమ్మేలా ఉంటుంది. అబ్రమెలిన్ మీద నాకు కలిగిన గౌరవం చాలావరకు ఇలాంటి రాతల వల్లే, గడుల వల్ల కాదు.

దేవదూత బయట ఉన్నాడా, మన లోపలా?

పుస్తకం వరకు జవాబు సూటిగా ఉంది: దేవుడు పంపిన వేరే వ్యక్తి. 'ఉన్నతమైన నేను' అనే వివరణ తర్వాత, గోల్డెన్ డాన్ కాలం నుంచి పుట్టుకొచ్చింది. క్రౌలీ ఈ విషయంలో అటూ ఇటూ ఊగాడు, ఒకప్పుడు అది మనలోని ఉన్నత స్వరూపమేనన్నాడు, చివరి రోజుల్లో అది తనకంటూ అస్తిత్వం ఉన్న వేరే జీవి అన్నాడు. మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లకి మొదటిది నచ్చుతుంది, సాధన చేశామనేవాళ్లలో ఎక్కువమంది రెండోదాని వైపు మొగ్గుతారు. అద్వైతం వినివిని పెరిగినవాళ్లకి ఈ తగువే వింతగా ఉంటుంది. అయినా గ్రంథాన్ని గ్రంథంగా చదివేటప్పుడు మన వేదాంతాన్ని దాని నోట్లో పెట్టకూడదు. అబ్రహాం మాత్రం, దేవుడు వేరు తాను వేరు అనుకునే భక్తుడు.

అయితే ఇది మన మంత్రోపాసన లాంటిది కాదా?

నియమాలు, శుచి, ఏకాంతం చూస్తే దగ్గరగా కనిపిస్తుంది. లోపల మాత్రం తేడా పెద్దది. మన ఉపాసనకి గురువు, బీజాక్షరం, జపసంఖ్య ప్రాణం. ఇక్కడ గురువు అక్కర్లేదు, పుస్తకం చాలంటాడు. జపం లేదు, లెక్క లేదు. 'అదే ఇది, పేరే మార్చారు' అని తేల్చేసేవాళ్ల మాట నాకు సమ్మతం కాదు.

అబ్రమెలిన్ నూనె ఎలా చేస్తారు? ఇక్కడ సరుకులు దొరుకుతాయా?

మాథర్స్ ప్రకారం బోళం ఒక పాలు, మేలిరకం దాల్చినచెక్క రెండు పాళ్లు, దుంపరాష్ట్రకం అరపాలు, మొత్తం బరువులో సగం ఆలివ్ నూనె. మూలికల కొట్లో మొదటి మూడూ దొరుకుతాయి. దుంపరాష్ట్రకం మీద పాఠకులు ఇప్పటికీ తగవులాడుకుంటున్నారు. బైబిల్ నిర్గమకాండం 30వ అధ్యాయంలో మోషేకి దేవుడు చెప్పిన అభిషేక తైలంలో అది లేదు. అందులో ఉన్నది బోళం, దాల్చినచెక్క, కేసియా అనే దాల్చిన జాతి చెక్క, ఇంకా చాలామంది గుర్తింపు ప్రకారం మన వస. పసిపిల్లలకి అరగదీసి నాకించే ఆ వసకొమ్మే. అబ్రహాం యూదుడైతే తన మతగ్రంథంలో ఉన్న వస వదిలి దుంపరాష్ట్రకం ఎందుకు వేస్తాడన్నది ప్రశ్న. రెండు రకాలూ తయారుచేసి అమ్మేవాళ్లున్నారు.

క్రౌలీ పద్ధతిలో పొడుల బదులు గాఢమైన సుగంధ తైలాలు కలుపుతారు. దాల్చిన తైలం చర్మాన్ని మండిస్తుంది, బొబ్బలెక్కిస్తుంది. నుదుటికి రాసుకునే ముందు ఆలోచించండి.

నేను ఈ సాధన మొదలుపెట్టాలనుకుంటున్నాను. మీరేమంటారు?

ఇంటి అద్దె, ఉద్యోగం, పెళ్లాం పిల్లలు ఉన్నవాళ్లు ఆరు నెలలు ఎలా వెళ్తారో నాకు అర్థం కాదు. అబ్రహాం కూడా స్థోమత, తీరిక, ఆరోగ్యం ఉన్నవాడే దిగాలంటాడు. అప్పులు తీరడానికో, ఎవరి మీదో పగ తీర్చుకోవడానికో అయితే వద్దు. అలాంటి ఉద్దేశంతో దిగినవాడు చెడిపోతాడని పుస్తకమే హెచ్చరిస్తుంది.

ఇంకొకటి సూటిగా చెప్పాలి. నెలల తరబడి ఒంటరిగా ఉపవాసాలతో, నిద్ర చాలక గడిపితే ఎవరికైనా మాటలు వినిపించవచ్చు, నీడలు కనిపించవచ్చు. ఇంతకుముందే డిప్రెషన్ గానీ, భ్రమలు గానీ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. సాధన మధ్యలో నిద్ర పూర్తిగా పోయినా, గొంతులు వినిపించి పనులు చేయమంటున్నా ఆపేసి మానసిక వైద్యుణ్ణి కలవండి. దేవదూత అయితే మీరు వైద్యం చేయించుకుని వచ్చేదాకా ఆగుతాడు.

దీని మీద సినిమా ఉందట?

ఉంది. 2016లో వచ్చిన 'ఎ డార్క్ సాంగ్'. దర్శకుడు లియమ్ గావిన్. కొడుకుని పోగొట్టుకున్న తల్లి, ఒక మంత్రగాణ్ణి డబ్బిచ్చి పెట్టుకుని, వేల్స్‌లో ఒక ఇంట్లో నెలల తరబడి తలుపులు బిగించుకుని ఈ సాధన చేస్తుంది. తంతు వివరాల్లో సొంత కల్పన చాలా ఉంది. ఇద్దరు మనుషులు ఒక ఇంట్లో బందీలై విసిగిపోవడాన్ని మాత్రం బాగా పట్టుకుంది. పుస్తకం చదివి విసుగేసినవాళ్లకి అది నచ్చుతుంది.

ఏ వరసలో చదవాలి? ఉచితంగా దొరుకుతుందా?

మొదటి భాగం పూర్తిగా చదవండి, లింజ్ కథ దగ్గర నెమ్మదించండి. తర్వాత సాధన భాగం, అంటే మాథర్స్‌లో రెండోది, డేన్‌లో మూడోది. గడుల భాగం ఊరికే తిరగేస్తే చాలు. మాథర్స్ 1918లో చనిపోయాడు కాబట్టి ఆయన అనువాదం మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి, చట్టబద్ధంగానే ఉచితంగా దించుకోవచ్చు. కాగితం ప్రతి కావాలంటే డోవర్ వాళ్ల పునర్ముద్రణ చౌక. డేన్ ప్రతికి హక్కులు ఉన్నాయి, కొనుక్కోవాలి. కొనేటప్పుడు 2015లో వచ్చిన సవరించిన ముద్రణ అవునో కాదో చూసుకోండి.